హెడ్డులో విరిగిన 6 ఎంఎం బోల్టు, దాని లోపల విరిగిన ఈజీ-అవుట్

పర్లాకిమిడి చుట్టుపక్కల చిన్న కార్ల పని చేస్తాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నమే కాబట్టి ఓడీ నంబరు బళ్ళూ వస్తాయి, ఏపీ నంబరు బళ్ళూ వస్తాయి. ఈ కేసు కాశీనగరం వైపు ఒక ఊళ్ళోది. ఓనరు ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను, ఇక్కడ ఆయన్ని మాస్టారు అనే అంటాను. రాస్తానంటే ఒప్పుకున్నారు, "నా పేరు మాత్రం రాయకు బాబూ, పిల్లలు చూస్తే నవ్వుతారు" అన్నారు అంతే.

బోల్టు విరగడం మా పనిలో కొత్తేం కాదు, దాని మీద ఇంత రాయక్కర్లేదు కూడా. కానీ దీంట్లో బోల్టు తీయడానికి మామూలుగా ఉండే దార్లు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుపోయాయి, చివరికి ఏది తెరుచుకుంది, ఎందుకు తెరుచుకుంది అన్నది ఆలోచిస్తే విరిగిన బోల్టు గురించి మనం మొదటినుంచీ వేసుకునే ప్రశ్నే తప్పని నాకనిపించింది. "దీన్ని ఎలా తిప్పాలి" అని అడుగుతాం. అడగాల్సింది "ఇది ఎందుకు తిరగట్లేదు" అని.

బండి, దాని పూర్వాపరాలు

మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో కొట్టే రకం), పదిహేనేళ్ళు దాటింది. హెడ్డు, అంటే ఇంజిన్ సిలిండర్ల మీద కూర్చునే పై భాగం, అల్యూమినియం. ఇంజిన్ వేడెక్కాక నీటిని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ వాల్వు మీద కూర్చునే మూత, దాన్నే మేం వాటర్ అవుట్‌లెట్ అంటాం, రెండు చిన్న బోల్టులతో హెడ్డుకి బిగించి ఉంటుంది. రెండూ ఎం6, అంటే 6 ఎంఎం బోల్టు, 1 ఎంఎం పిచ్ (ఒక మరకీ పక్క మరకీ దూరం), 10 నంబరు పానా పడుతుంది. చాలా కార్లలో ఇలాంటి బోల్టుకి బిగింపు 10 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉంటుంది, అంటే చిన్న రాట్చెట్ మీద మణికట్టు బలం చాలు.

నేను మొదట అడిగింది రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు అని. చాలా ఏళ్ళుగా బోరు నీళ్ళే. మధ్యలో ఒకసారి ఎవరో పచ్చ కూలెంట్ పోశారట, తగ్గినప్పుడల్లా మళ్ళీ బోరు నీళ్ళు. ఇది తిట్టడానికి అడిగింది కాదు, బోల్టు ఏ రకంగా పట్టేసిందో దీన్నిబట్టే తెలుస్తుంది. స్టీలూ అల్యూమినియమూ ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పు తగిలిన నీరు చేరితే అల్యూమినియమే తినేసుకుపోతుంది, తెల్ల పొడి అవుతుంది. ఆ పొడి తను పుట్టిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరకీ హెడ్డు మరకీ మధ్య ఉన్న సందు ఎంత, వెంట్రుకంత కూడా కాదు, అందులో ఈ పొడి పేరుకుంటూ వస్తే వానాకాలంలో తలుపు నాని చౌకట్లో బిగుసుకున్నట్టు బోల్టు బిగుసుకుంటుంది. అసలైన కూలెంట్‌లో తుప్పు ఆపే మందులు ఉంటాయి, దాన్ని పోసేది గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే అనుకుని మా ఎండల్లో మనకెందుకులే అంటారు చాలామంది.

మాస్టారు చేసినవి

మూత దగ్గర నీరు చెమ్మగిల్లుతోంది, ఎండిన చోట తెల్లటి చార. ఆయన కరెక్టుగానే పట్టుకున్నారు, ప్యాకింగ్ పోయిందని. వీడియోలు చూశారు, ప్యాకింగ్ తెచ్చుకున్నారు, ఆదివారం పూట మొదలుపెట్టారు. ఒక బోల్టు కిర్రుమంటూ వచ్చేసింది. రెండోది కొంచెం తిరిగినట్టే తిరిగి మెత్తగా అయిపోయిందట, "తిరుగుతోంది కదా అని ఇంకొంచెం లాగాను, టిక్కుమంది" అన్నారు. ఆ మెత్తదనం తిరగడం కాదు, సాగడం. పానా కదులుతుంది, తల కదులుతుంది, కింద మర కదలదు, మధ్యలో బోల్టు మెలిపడుతుంది.

తల ఊడింది, మూతని చెక్క పెట్టి సుత్తితో కొట్టి లేపారు. అప్పుడు హెడ్డు మీద ఒక 6, 7 ఎంఎం బోల్టు ముక్క నిలబడి ఉంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. దాన్ని వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పితే అది కూడా తెగింది, ఈసారి హెడ్డు మట్టం కన్నా కొంచెం లోపలికి.

అప్పటికి ఇంట్లో వాళ్ళ బామ్మర్ది దిగాడు. ముల్లుని ముల్లుతోనే తీయాలి బావా అని టౌన్ నుంచి ఈజీ-అవుట్ సెట్టు పట్టుకొచ్చాడు. ఈజీ-అవుట్ అంటే విరిగిన బోల్టులో కన్నం పెట్టి అందులో దించి విప్పే వైపు తిప్పే గట్టి స్టీలు పుల్ల. 3 ఎంఎం బిట్టుతో బోల్టు మధ్యలో కన్నం పెట్టారు. మధ్యలో అనుకున్నారు, చేత్తో పట్టుకున్న డ్రిల్లు, సెంటర్ పంచ్ లేదు, విరిగిన బోల్టు ముఖం ఎప్పుడూ చదునుగా ఉండదు కాబట్టి బిట్టు ఒక పక్కకి జారింది. ఆ కన్నంలో ఈజీ-అవుట్ దించి ట్యాప్ (కన్నంలో మర కోసే పనిముట్టు) తిప్పే హ్యాండిల్‌తో తిప్పారు. అది విరిగి లోపల ఉండిపోయింది. నాకు ఫోన్ వచ్చింది అప్పుడు.

ఈజీ-అవుట్ ఎందుకు విరుగుతుంది

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే కేసు మొత్తం దీని మీదే తిరుగుతుంది. కడ్డీని మెలిపెడితే అది తట్టుకునే బలం వ్యాసం ఘనం ప్రకారం పెరుగుతుంది, తగ్గుతుంది. లావు సగమైతే బలం సగం కాదు, ఎనిమిదో వంతు. నిండుగా 6 ఎంఎం ఉన్న బోల్టే ఆ పట్టుని గెలవలేక విరిగింది. ఇప్పుడు దాని మధ్యలో కన్నం పెట్టి, ఆ కన్నంలో పట్టేంత సన్న పుల్లతో అదే పట్టుని గెలవాలని చూస్తున్నాం. ఈజీ-అవుట్ స్టీలు బోల్టు కన్నా గట్టిదే, కొంత నయం, కానీ ఆ తేడా పూడ్చేంత కాదు. పైగా గట్టిగా ఉండేది పెళుసుగా కూడా ఉంటుంది, వంగదు, చెప్పకుండా విరుగుతుంది. ఇంకోటి, మెలికలు తిరిగిన ఈజీ-అవుట్ లోపలికి దిగేకొద్దీ బోల్టు గోడని బయటికి నెడుతుంది, అంటే పట్టుని ఇంకా బిగిస్తుంది.

అలా అని ఈజీ-అవుట్ పనికిరాదు అనను. కొత్త బోల్టుని ఎక్కువ బిగించి తల తెంపినప్పుడు, లేదా దెబ్బ తగిలి విరిగినప్పుడు, మర ఫ్రీగానే ఉంటుంది, అక్కడ ఈజీ-అవుట్ చక్కగా పనిచేస్తుంది, ఒక్కోసారి వేలితో తిప్పినా వచ్చేస్తుంది. పట్టేసి విరిగిన దానికి వాడితే మాత్రం ఇదే జరుగుతుంది. షాపువాడు సెట్టు అమ్మేటప్పుడు ఈ తేడా చెప్పడు, డబ్బా మీదా రాయదు.

విరిగిన బోల్టు కన్నా విరిగిన ఈజీ-అవుట్ పెద్ద తలనొప్పి. బోల్టు స్టీలుని మామూలు హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) బిట్టు కోస్తుంది, ఈజీ-అవుట్‌ని కోయలేదు, బిట్టు నీలం తిరిగి మొద్దుబారుతుంది.

నేను చూసినప్పుడు ఉన్న పరిస్థితి

బ్యాటరీ నెగిటివ్ తీసేసి, కన్నం బ్రేక్ క్లీనర్‌తో కడిగి, గాలి కొట్టి, టార్చి పెట్టి చూశాను. బోల్టు ముక్క హెడ్డు మట్టానికి 1 ఎంఎం లోపల ఉంది. దాని మధ్య కన్నం వాటర్ జాకెట్ (హెడ్డు లోపల నీళ్ళు తిరిగే ఖాళీ) వైపు జరిగి ఉంది, అటు గోడ పల్చగా, ఇటు గోడ మందంగా. కన్నం లోపల ఈజీ-అవుట్ ముక్క తళతళలాడుతోంది. అదృష్టం ఏంటంటే బిట్టు అల్యూమినియంలోకి దిగలేదు. ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసుకున్నాను, ఏ పని మొదలుపెట్టే ముందైనా తీస్తాను, ఈ ఫోటో తర్వాత ఎలా అక్కరకొచ్చిందో చెప్తాను.

మాస్టారు మొదట అడిగింది హెడ్డు దింపాలా అని. దింపితే టైమింగ్ బెల్టు, హెడ్ గాస్కెట్, ఫేసింగ్ చెకింగ్, అన్నీ తోడవుతాయి. దింపితే లాభం కూడా ఉంది, హెడ్డుని టేబుల్ మీద బిగించి మిల్లింగ్ మిషన్ కింద పెట్టొచ్చు, లేదా స్పార్క్ ఎరోజన్ చేసే చోటికి పంపొచ్చు, అది ఎంత గట్టి స్టీలునైనా కరెంటు మెరుపులతో తినేస్తుంది, చుట్టూ మర చెడకుండా. మా దగ్గర ఆ మిషన్ లేదు, విశాఖ వైపు పంపాలి. అందుకని లెక్క ఇలా వేసుకున్నాను: హెడ్డు దింపే దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది, ఇక్కడే కూర్చుని ఏం చేసినా ఆ దారిని పాడుచేయనంతవరకూ ముందు ఇక్కడే ప్రయత్నించొచ్చు. అంటే ప్రతి పనికీ ముందు ఒకటే పరీక్ష, ఇది ఫెయిలైతే తర్వాతి దారి మూసుకుపోతుందా లేదా. అల్యూమినియం మర పోయే ప్రమాదం ఉన్న పని చివరికి, లేని పని ముందు.

వాళ్ళబ్బాయి పటిక సంగతి ఎక్కడో చదివాడట, పటిక నీళ్ళు స్టీలుని కరిగిస్తాయి, అల్యూమినియం జోలికి పోవు, నిజమేనా అని అడిగాడు. నిజమే, గడియారాల పనివాళ్ళు ఇత్తడి ప్లేటులో విరిగిన స్క్రూలు అలాగే తీస్తారు, చిన్న అల్యూమినియం పార్టులో విరిగిన ట్యాప్‌కి కూడా చేస్తారు. కానీ ఆ పార్టుని చిక్కటి పటిక నీళ్ళలో ముంచి గంటల తరబడి వేడిమీద ఉంచాలి. ఇంజిన్ మీద ఉన్న హెడ్డుకి, పక్కకి తిరిగి ఉన్న కన్నానికి అది కుదరదు. కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు అని మాత్రం చెప్పాను.

మొదట చేసినది, సగమే పనిచేసింది

ఈజీ-అవుట్ పెళుసు అన్నాం కదా, ఆ పెళుసుతనమే వాడుకుందామని సన్న పంచ్ పెట్టి చిన్న సుత్తితో కొట్టాను. గట్టి దెబ్బలు కాదు, టకటకమని పొట్టి దెబ్బలు. గట్టిగా కొడితే పంచ్ జారి అల్యూమినియం గోడకి తగుల్తుంది, అటువైపు గోడ పల్చగా ఉంది కూడా. పై భాగం పెచ్చులుగా ఊడింది, అయస్కాంతంతో ఏరేశాను. కొన మాత్రం లోపల ఇరుక్కునే ఉంది, పంచ్ దాని మీద నిలబడట్లేదు, జారుతోంది. ఆపేశాను. కార్బైడ్ బర్రు (గ్రైండర్‌కి తగిలించే చాలా గట్టి అరగదీసే ముక్క) పెట్టి అరగదీయొచ్చు, కానీ చేత్తో పట్టుకున్న గ్రైండర్‌కి గట్టి స్టీలు పక్కన మెత్తటి బోల్టు, దాని పక్కన ఇంకా మెత్తటి అల్యూమినియం ఉంటే అది ఎప్పుడూ మెత్తటి వైపే పరిగెడుతుంది.

ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె) అసిటోన్ కలిపి కన్నంలో పోసి ఉంచుదామా అని ఆలోచించాను, పట్టేసిన బోల్టులకి మామూలుగా అదే నా మందు. ఈసారి వద్దనుకున్నాను. తర్వాతి పని వెల్డింగ్ అని అప్పటికే మనసులో ఉంది, నూనె తడి ఉన్న స్టీలు మీద వెల్డింగ్ బుడగలు కడుతుంది, అతకదు, పైగా అసిటోన్ ఆవిరి దగ్గర నిప్పు చాలా ప్రమాదం.

వెల్డింగే ఎందుకు

విరిగిన బోల్టు మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం అందరికీ తెలిసిన పనే, కానీ దాన్ని పట్టుకోడానికి పిడి తయారుచేయడం అని మాత్రమే అనుకుంటారు. పిడి అన్నది సగమే. అసలు పని వేడిది. వెల్డింగ్ వేడికి బోల్టు ముక్క ఒక్కసారిగా ఉబ్బి చుట్టూ ఉన్న తెల్ల పొట్టుని నలుపుతుంది, తర్వాత చల్లారి ముడుచుకుంటుంది, ఆ రెండింటి మధ్య పొట్టు పగుల్తుంది. అల్యూమినియం వేడికి స్టీలు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, డిగ్రీకి మీటరుకి 23 మైక్రాన్ల దాకా, స్టీలు 12 దగ్గర. 6 ఎంఎం కన్నానికి, 130 డిగ్రీలు పెరిగితే, రెంటికీ తేడా వందో వంతు మిల్లీమీటరు వస్తుంది. చాలా చిన్నదే, కానీ ఆ పొట్టు మందమూ అంతంతమాత్రమే.

స్టీలు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు, అదో ధైర్యం. అయితే ఆర్క్ నేరుగా అల్యూమినియం అంచుకి తగిలితే అంచు కరిగిపోతుంది. స్టీలులా ఎర్రబడి హెచ్చరించదు, స్వచ్ఛమైన అల్యూమినియం అయితే 660 డిగ్రీల దగ్గర, హెడ్డులో వాడే మిశ్రమం ఇంకా ముందే, చెప్పాపెట్టకుండా కారిపోతుంది. గ్యాస్ టార్చితో వేడి చేసేవాళ్ళు అల్యూమినియం మీద సబ్బు ముక్కతో గీత గీసి పెట్టుకోండి, గీత నల్లబడితే వేడి ఎక్కువైపోయినట్టే, టార్చి తీసేయండి.

గ్రిల్ షాపు మిషన్, ఫెయిల్

పక్క ఊళ్ళో గ్రిల్లు పని చేసే ఒడియా కుర్రాడు ఉన్నాడు, ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ బైక్ మీద పెట్టుకుని వచ్చేశాడు, "భాయినా, ఇది గేటు కాదు, ఇంత చిన్నదాంట్లో నా రాడ్డు పట్టదు" అని ముందే అన్నాడు. అతని మాటే నిజమైంది. అయినా ఎందుకు ప్రయత్నించాను అంటే, ఫెయిలైతే పోయేది ఏమీ లేదు, అంచుకి రాగి వాషర్ అడ్డు పెడతాం, అతకకపోతే నట్టు ఊడి చేతికి వస్తుంది, కన్నం ఉన్నట్టే ఉంటుంది.

అలాగే ఊడింది. 2.5 ఎంఎం రాడ్డు 6 ఎంఎం బావిలోకి దిగేసరికి ఆర్క్ అడుగు దాకా వెళ్ళకుండా నట్టు గోడకే అంటుకుంటోంది, కరిగిన రాడ్డు మీది మందు స్లాగ్ అయి అడుగున చేరింది, ఆ స్లాగ్ మీద లోహం కూర్చుంది. పైకి చూస్తే నిండుగా అందంగా ఉంది, పానా పెట్టగానే పటుక్కుమని వచ్చేసింది, నట్టు అడుగున గాజులా నల్లటి స్లాగ్. సాయంత్రం కరెంటు కూడా డౌన్ అవుతోంది, ఆర్క్ నిలబడట్లేదు. ఆ రోజుకి ఆపేశాం.

మిగ్ వెల్డింగ్

మర్నాడు పొద్దున్నే టౌన్‌లో టింకరింగ్ షాపు నుంచి మిగ్ మిషన్‌ని (రాడ్డుకి బదులు సన్న తీగ, చుట్టూ గ్యాసు వదులుతూ వెల్డింగ్ చేసేది), దాని మనిషిని తీసుకెళ్ళాను. కారణం ఒకటే, 0.8 ఎంఎం తీగ. తీగ నేరుగా కన్నం అడుగు దాకా దిగుతుంది, గ్యాసు ఉంటుంది కాబట్టి స్లాగ్ ఉండదు. నట్టు కూడా ఎం6 కాదు, ఎం8 పెట్టాం. బోల్టు 6 ఎంఎం అయినప్పుడు 6 నట్టు పెడితే దాని కన్నం సన్నగా ఉండి తీగ ముందు నట్టుకే తగులుతుంది. ఎం8 అయితే అడుగున బోల్టు ముఖం మొత్తం కనబడుతుంది, ముందు బోల్టు మీద లోహం పేర్చుకుంటూ పైకి వచ్చి అప్పుడు నట్టుకి కలపాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తా. బ్యాటరీ వైర్లు తీసే ఉన్నాయి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) సాకెట్ కూడా పీకేశాం. ఎర్తు క్లాంపు బాడీకి కాదు, హెడ్డుకే, కన్నానికి దగ్గర్లో. పెట్రోల్ పైపు మీద తడి గోనెసంచి, ఇసక బకెట్టు పక్కనే, ఒక మనిషి ఏ పనీ చేయకుండా మంట కోసమే చూస్తూ ఉండాలి. ఆ మనిషి బామ్మర్ది. హోస్ పైపులు, వైరింగు మీద తడి గుడ్డ. పెట్రోల్ వాసన కాస్త వచ్చినా మొదలుపెట్టొద్దు.

వెల్డింగ్ అయ్యాక వెంటనే తిప్పలేదు. ఎరుపు పోయేదాకా ఆగి, ఇంకా బాగా వేడిగా ఉండగానే మామూలు కొవ్వొత్తి తెచ్చి చుట్టూ ఆనించాను. మైనం నీళ్ళలా కరిగి వేడి మరల్లోకి లాక్కుపోతుంది, మంట దగ్గర నూనె కన్నా ఇదే నాకు నమ్మకం. అయితే మైనం కూడా అంటుకోగలదు, ఎర్రగా ఉన్నప్పుడు పెట్టొద్దు. తర్వాత 13 పానా వేసి ముందు బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, కొంచెం కొంచెం. కదిలినట్టు అనిపించింది. ఇంకోసారి అటూ ఇటూ. టప్పుమని నట్టు చేతికొచ్చేసింది.

అక్కడున్న వాళ్ళందరి మొహాలూ వాడిపోయాయి. నట్టు తిరగేసి చూస్తే అడుగున వెల్డింగ్ బుడిపె, దానికి అతుక్కుని ఈజీ-అవుట్ కొన! బోల్టు ముక్క హెడ్డులోనే ఉంది, ఒక పక్క చెక్కు ఊడింది అంతే, మూడొంతుల కష్టం మాత్రం బయటికొచ్చేసింది.

కన్నం తిరిగింది

ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి. గట్టి ముక్క పోయింది కాబట్టి డ్రిల్లింగ్ దారి తెరుచుకుంది. మూత కన్నంలో సరిగ్గా పట్టేలా లేత్ షాపులో ఒక బుష్షు చేయించి, మూతని హెడ్డు మీద బిగించి అదే గైడుగా పెట్టుకుని, సన్న బిట్టు నుంచి మొదలుపెట్టి 5 ఎంఎం దగ్గర ఆగితే మర అంచులు మిగిలి బోల్టు పొట్టు మాత్రం ఊడుతుంది, తర్వాత ట్యాప్ వేస్తే శుభ్రం. టింకరింగ్ షాపు మనిషి కూడా అదే అన్నాడు, ఇక డ్రిల్ చేసేద్దాం అని. కానీ పాత కన్నం పక్కకి ఉంది, బుష్షు పెట్టినా బిట్టు ఖాళీ ఉన్న వైపే లాగుతుంది. పైగా వెల్డింగ్ వేడి తగిలి చుట్టూ అల్యూమినియం వల్ల తొందరగా చల్లారిన బోల్టు ముఖం అక్కడక్కడా గట్టిపడి ఉంటుంది, బిట్టుని తిప్పి కొడుతుంది. మర పోయే ప్రమాదం ఉన్న పని ఇదే మొదటిది. రివర్స్‌లో తిరుగుతూ కోసే ఎడమచేతి బిట్లు ఉంటే ఆలోచించేవాణ్ణే, నేను అడిగిన షాపుల్లో లేవు.

కన్నం మళ్ళీ శుభ్రం చేసి టార్చి వేసి చూశాను, నిన్న తీసిన ఫోటో పక్కన పెట్టాను. నిన్న కన్నం వాటర్ జాకెట్ వైపు జరిగి ఉంది. ఇప్పుడు అదే కన్నం కింద వైపుకి వచ్చింది. అంటే బోల్టు తిరిగింది! చుట్టులో ఆరో వంతో ఎంతో తిరిగి, అప్పుడు వెల్డింగ్ ఊడింది. మాస్టారు కన్నం నట్టనడుమ పెట్టి ఉంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు, పక్కకి జారడం వల్ల అది గడియారం ముల్లులా పనికొచ్చింది.

దీంతో లెక్క పూర్తిగా మారిపోయింది. కదిలిందీ అంటే పట్టు తెగిపోయింది. ఇక కావాల్సింది పట్టుకోడానికి పిడి మాత్రమే, పిడి కోసం మర మీద రిస్కు తీసుకుని డ్రిల్ చేయడం అనవసరం. మళ్ళీ వెల్డింగే అన్నాను. ఈసారి బోల్టు మధ్యలో ఖాళీ కన్నం ఉంది, మిగ్ తీగ అందులోకి దింపి అడుగు నుంచి నింపుకుంటూ రమ్మన్నాను, నిండుగా అతుక్కుంటుంది, చల్లారేటప్పుడు ఆ లోహం ముడుచుకుంటూ బోల్టు గోడని లోపలికి లాగుతుంది కూడా, ఈజీ-అవుట్ చేసే దానికి సరిగ్గా రివర్స్. ఎం8 నట్టు, ఎరుపు పోయేదాకా ఆగడం, కొవ్వొత్తి, 13 పానా. బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. సన్నగా కీచుమంది. ఆ కీచు వినగానే పానా వదిలేసి ఇంకొంచెం మైనం పెట్టాను, ఎందుకంటే ఆ చప్పుడు పొడి మీద రాపిడిది, తొందరపడితే ఆ పొడే మరని గీకేస్తుంది. తర్వాత పావు చుట్టు ముందుకి, కొంచెం వెనక్కి, అలా అలా మొత్తం బయటికి వచ్చేసింది. బోల్టు మర నిండా తెల్ల పొడి.

మిగతా పని

ఎం6 ట్యాప్ చేత్తో వేసి మర శుభ్రం చేశాం, కొత్తగా కోయడానికి కాదు, పొడి తీయడానికి, ఎక్కడైనా బిగిస్తే వెనక్కి తిప్పి గాలి కొట్టడం. పైన ఒక మర కొంచెం నలిగింది, మిగిలిన మంచి మర లోతు 11 ఎంఎం వచ్చింది. అల్యూమినియంలో స్టీలు బోల్టుకి వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు మర పట్టాలని నేను చూసుకుంటాను, అంటే 9 ఎంఎం, కాబట్టి సరిపోయింది. సరిపోకపోతే హెలికాయిల్ (పాడైన మర బదులు కన్నంలో కూర్చోబెట్టే స్ప్రింగు లాంటి తీగ చుట్ట) వేయాలి, దానికి 6.2 లేక 6.3 ఎంఎం కన్నం, దాని సొంత ట్యాపు కావాలి.

మూత ముఖం గుంటలు పడి ఉంది, అద్దం మీద ఎమరీ పేపరు పరిచి రుద్ది చదును చేశాం, లేకపోతే కొత్త ప్యాకింగ్ వేసినా మళ్ళీ చెమ్మే. థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేలాడదీసి చూస్తే తెరుచుకుంది, అదే వేశాం. మామూలుగా వచ్చేసిన రెండో బోల్టుని కూడా పారేసి రెండూ కొత్తవి వేశాం, 8.8 గ్రేడువి, సన్నగా యాంటీ-సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాసి. యాంటీ-సీజ్ రాస్తే మర జారుడుగా ఉంటుంది, అదే బిగింపుకి బోల్టు ఎక్కువ లాగుతుంది, అందుకని మామూలు కన్నా కాస్త తక్కువే బిగించాలి. మాస్టారు స్టీలు గిన్నెల్లా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బోల్టులు వేద్దామా అన్నారు. బోల్టుకి తుప్పు పట్టదు నిజమే, పక్కనున్న అల్యూమినియానికి మాత్రం ఆ జోడీ ఇంకా చెరుపు, వద్దన్నాను. రేడియేటర్ రెండుసార్లు కడిగి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోశాం. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలూ దూడలూ నాకేస్తాయి, పాతది నేల మీద పారబోయకుండా డబ్బాలో పట్టించాను.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్క

తల ఊడినప్పుడు హెడ్డు మీద 6, 7 ఎంఎం బోల్టు నిలబడి ఉంది అన్నాను. ఈ కేసులో అదే అన్నిటికన్నా విలువైన వస్తువు. అప్పుడే దానికి నట్టు తొడిగి పైన వెల్డింగ్ చేసి ఉంటే గ్రిల్ షాపు మిషన్‌తో కూడా అయిపోయేది, బావిలోకి దిగే అవసరమే లేదు. వైస్ గ్రిప్ ఆ ముక్కని తీసుకుపోయింది. వైస్ గ్రిప్ ఇచ్చేది తిప్పే బలం మాత్రమే, తిప్పే బలం తక్కువై కాదు కదా తల ఊడింది. ముక్క బయటికి నిలబడి ఉంటే దాన్ని ముట్టుకోకుండా పని ఆపేసి ఫోన్ చేయమని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. చేతిలో వెల్డింగ్ లేకపోతే కనీసం పక్కన అల్యూమినియాన్ని వేడి చేయడం, ముక్క తల మీద చిన్న సుత్తితో తట్టడం, రాత్రంతా ఏటీఎఫ్ అసిటోన్ పోసి ఉంచడం, ఇవన్నీ పట్టు మీద పనిచేసేవి. ఇవి అయ్యాకే తిప్పడం, అదీ ముందు బిగించే వైపు.

ఇంకా ముందుకి వెళ్తే, తల ఊడకముందు ఆ మెత్తదనం దగ్గరే ఆగొచ్చు. దాన్ని మాటల్లో చెప్పడం కష్టం, అందుకని మాస్టారుకి ఒక పాత ఎం6 బోల్టుని వైస్‌లో బిగించి కావాలని విరగ్గొట్టి చూపించాను. ముందు గట్టిగా ఉంటుంది, తర్వాత పానా తేలిగ్గా కదలడం మొదలవుతుంది, విప్పుతున్నట్టే ఉంటుంది, కానీ నిజంగా విడిపోయే బోల్టు ఒక్క కుదుపుతో టక్కుమని వదులుతుంది, ఇది అలా కాదు, బంకలా సాగుతుంది. ఆయనే ఇంకో రెండు విరగ్గొట్టుకున్నారు, "ఇదే బాబూ, ఆరోజు చేతికి ఇలాగే తెలిసింది" అన్నారు.

కొన్నాళ్ళకి అదే బండికి వాటర్ పంపు చప్పుడు మొదలైంది. నేనే చేస్తాను అన్నారు, సరే అన్నాను. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా, కూలెంట్ దింపేశాక, ఒక్కో బోల్టు తల మీద తట్టి, కొంచెం బిగించి, అప్పుడు విప్పండి, ఏది బంకలా అనిపిస్తే దాన్ని మళ్ళీ ముట్టుకోకండి అని చెప్పాను. సాయంత్రం ఫోన్ చేశారు. మిగతావన్నీ వచ్చేశాయి, రెండు సాగుతున్నట్టున్నాయి, తలలు ఉన్నట్టే ఉన్నాయి, రేపు మిగ్ అబ్బాయి ఖాళీయేనా అని.